శని, ఆదివారాలు: చూడటం కూడా చదువే
(చెన్నైలో చదువుకుంటున్న మన విద్యార్థులకు)

ఈ ఏడాది చెన్నై కాలేజీల్లో కొత్తగా చేరిన వారికి పనికివచ్చే వ్యాసం ఒకటి రాయమని సంపాదకవర్గం వారు నన్ను అడిగారు. పరీక్షలకు ఎలా చదవాలో, ఇంటర్వ్యూలకు ఎలా తయారవాలో పెద్దలు ఇదివరకే చాలా రాశారు. సెలవు రోజు ఏం చేయాలన్నది మాత్రం ఎవరూ రాసినట్టు లేదు. ఈ విషయంలో నేను ఒక పెద్ద తప్పు చేసి, దానివల్ల ఉపకార వేతనం పోగొట్టుకునేదాకా వచ్చినవాణ్ణి. కనుక రాసే అర్హత కొంత ఉందనుకుంటున్నాను.

మాది చీరాల, చినగంజాం మధ్య ఒక పల్లె. అప్పట్లో ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. మా నాన్న చేనేత కార్మికుడు. నేను 2009లో సివిల్ ఇంజినీరింగ్‌లో చేరడానికి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వచ్చాను. దూరం 340 కిలోమీటర్లే అయినా నాకది పరదేశమే. భాష రాదు. కండక్టరు "ఇల్లై" అంటే ఇల్లు అనుకునేవాణ్ణి. క్లాసులో ఇంగ్లీషు, హాస్టల్లో తమిళం. శనివారం వచ్చిందంటే స్థానిక పిల్లలు ఇళ్ళకు పోయేవారు. నేను గదిలో పడుకుని పైకప్పు చూస్తూ ఉండేవాణ్ణి. దీపావళికి ఊరికి పోతే ఇక తిరిగి రాకూడదని మనసులో నిర్ణయించుకున్నాను కూడా.

1. కాలువ చెప్పిన మొదటి పాఠం

ఒక ఆదివారం మా సీనియరు ఒకాయన, నెల్లూరు అన్న, "ఒరేయ్, గదిలో కూర్చుంటే పిచ్చెక్కుతుంది, పద" అని ఎమ్మార్టీఎస్ రైలు ఎక్కించాడు. వేళచ్చేరి నుంచి బీచ్ స్టేషను దాకా వెళ్ళే రైలు అది. మైలాపూరు దగ్గర కిటికీలోంచి కింద నల్లటి నీళ్ళు కనిపించాయి. వాసన కూడా వచ్చింది. ఏమిటిదని అడిగితే పక్కనున్న పెద్దాయన "బకింగ్‌హాం కెనాల్" అన్నాడు.

నేను ఒక్కసారి లేచి నిలబడ్డాను. ఆ పేరు మా ఊళ్ళో పిల్లలందరికీ తెలుసు. మా పెదగంజాం దగ్గర మొదలై, నెల్లూరు తీరం మీదుగా, చెన్నై దాటి తమిళనాడులోని మరక్కాణం వైపు పోయే కాలువ అది. మొత్తం పొడవు సుమారు 420 కిలోమీటర్లు. అందులో ఎక్కువ భాగం ఆంధ్రలోనే ఉంది. రైళ్ళూ లారీలూ విస్తరించకముందు ఉప్పు, ధాన్యం, వంటచెరకు పడవల మీద ఈ దారినే మద్రాసు చేరేవి. తర్వాత పుస్తకం తీసి చదివితే మరికొన్ని సంగతులు తెలిశాయి. తవ్వకం 1806లో మద్రాసుకు ఉత్తరాన మొదలైంది. 1876-78 నాటి మహా కరువులో జనానికి పని చూపించడం కోసం నగరం మధ్యలో అడయారు, కూవం నదులను కలుపుతూ సుమారు 8 కిలోమీటర్ల ముక్క తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు 1878లో కాలువకు వచ్చింది.

మా ఊరి నీళ్ళకూ ఈ నగరానికీ ఒక దారి ఉందని తెలిసిన రోజున చెన్నై నాకు కొంచెం దగ్గరైంది. దీపావళికి ఊరికి పోయాను, మళ్ళీ తిరిగి వచ్చాను. ఆ రోజు నాకు ఖర్చయింది రైలు టికెట్టూ ఒక టీ మాత్రమే. కొత్త చోట మనసు నిలవకపోతే ముందు ఆ చోటును చూడాలి. ఇది మొదటి పాఠం.

2. నేను చేసిన తప్పు

అలవాటు పడిన తర్వాత అతి అయింది. రెండో సంవత్సరం వచ్చేసరికి స్నేహితుల గుంపు ఏర్పడింది. ఎవరు ఎక్కడికంటే అక్కడికి బయలుదేరడమే. 2011 జనవరిలో ఒక ఆదివారం ఐదుగురం పళవేర్కాడు వెళ్ళాం. మనం పులికాట్ అంటామే, అదే. గుమ్మిడిపూండి రైల్లో పొన్నేరిలో దిగి, అక్కడ బస్సు ఎక్కాలి. పడవ మాట్లాడుకుని సముద్రం పక్కకు పోయాం. పడవలో పట్టవలసిన వారికంటే ఎక్కువ మందిమి ఎక్కాం. ఒంటి మీద లైఫ్ జాకెట్లు లేవు. తిరిగి ఒడ్డుకు వచ్చేసరికి చీకటి పడింది, బస్సులు లేవు. ఎలాగో అర్ధరాత్రికి పొన్నేరి చేరి ప్లాట్‌ఫారం మీద పడుకున్నాం.

మరునాడు ఉదయం 9 గంటలకు స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ ఇంటర్నల్ పరీక్ష. నేను హాలు దగ్గరకు చేరేసరికి పది దాటింది, లోపలికి రానివ్వలేదు. వాళ్ళ తప్పేమీ లేదు. ఆ సెమిస్టరులో నా మార్కులు ట్రస్టు నిబంధన కన్నా తగ్గాయి. సంజాయిషీ ఇమ్మని ఉత్తరం వచ్చింది. అది చేతిలో పట్టుకుని నేను మొదట లెక్క వేసింది ఒక్కటే: ఆ డబ్బు ఆగిపోతే నాన్న ఎన్ని చీరలు అదనంగా నేయాలి?

అదే సంవత్సరం డిసెంబరు 25న అదే పులికాట్‌లో విహారానికి వెళ్ళిన పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ వార్త చదివినప్పుడు నా చేతులు చల్లబడ్డాయి. మేము పోగొట్టుకున్నది పరీక్ష ఒక్కటే.

ట్రస్టు కమిటీలో అప్పుడు రిటైరైన మాస్టారు ఒకరు ఉండేవారు. తిడతారనుకుని వెళ్ళాను. ఆయన ఉత్తరం పక్కన పెట్టి, "ఏం బాబూ, పళవేర్కాడులో ఏం చూశావు?" అని అడిగారు.

"సరస్సు చూశామండీ. పక్షులు... పడవ..."

"డచ్చి వాళ్ళ సమాధులు చూశావా?"

అక్కడ అవి ఉన్నాయనే నాకు తెలియదు. ఆ మాటే చెప్పాను.

"పరీక్ష పోయింది, డబ్బు పోయింది. పోనీ ఊరైనా చూశావా అంటే అదీ లేదు," అన్నారాయన. కాసేపాగి, "వెళ్ళొద్దని నేను అనను. వెళ్ళేముందు అర పేజీ, వచ్చాక అర పేజీ రాసి నాకు పంపు. ఖర్చు లెక్క కూడా రాయి. వచ్చే సెమిస్టరు మార్కులు చూసి మాట్లాడదాం," అన్నారు. వేతనం ఆపలేదు. నేను ఆ పుస్తకం చదువు అయ్యేదాకా రాశాను. కింద చెప్పబోయేవన్నీ అందులోవే.

3. నాలుగు చోట్లు, నాలుగు పాఠాలు

(అ) ఎగ్మూరు మ్యూజియం: దగ్గరిది దూరం వచ్చి చూడటం

ప్రభుత్వ మ్యూజియం 1851లో ఏర్పడింది. శుక్రవారం సెలవు, శని ఆదివారాలు తెరిచే ఉంటుంది. ఇందులో అమరావతి శిల్పాల గది ఉంది. కృష్ణ ఒడ్డున ఉన్న మన అమరావతి స్తూపం రాళ్ళవి. అమరావతి మా ఊరి నుంచి రెండు మూడు గంటల ప్రయాణం. అక్కడికి ఒక్కసారీ వెళ్ళని నేను 340 కిలోమీటర్లు వచ్చి ఆ రాళ్ళ ముందు నిలబడ్డాను. కొంచెం సిగ్గు వేసింది.

కల్నల్ కాలిన్ మెకంజీ 1797లో ఆ స్తూపాన్ని మొదటిసారి చూశాడు. అప్పటికే ఊరి నిర్మాణాలకు ఆ రాళ్ళు తరలిపోతున్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి చాలా శిల్పాలను మద్రాసుకు చేర్పించాడు. వాటిలో 121 రాళ్ళు 1859లో లండన్‌కు ఓడెక్కాయి. అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వాటికి 'ఇలియట్ మార్బుల్స్' అని పేరు. కానీ అది పాలరాయి కాదు, పలనాటి సున్నపురాయి. సివిల్ విద్యార్థులు, భూగర్భశాస్త్రం చదివేవారు ఈ తేడా గమనించాలి. అప్పటి గుంటూరు జిల్లా గోలి గ్రామంలో దొరికిన బౌద్ధ శిల్పాలూ ఇక్కడే ఉన్నాయి.

అదే ఆవరణలో కన్నెమరా గ్రంథాలయం ఉంది. 1896లో తెరిచారు. దేశంలో అచ్చయ్యే పుస్తకాల ప్రతులు చట్ట ప్రకారం అందుకునే నాలుగు గ్రంథాలయాల్లో ఇదొకటి. తెలుగు పుస్తకాలు పుష్కలంగా ఉన్నాయి. ఎక్కడికి వెళ్ళాలన్నా ముందు ఇక్కడ గంట కూర్చుని చదువుకుంటే ఆ ప్రయాణం విలువ రెట్టింపవుతుంది.

(ఆ) మైలాపూరు: ఒక ఇల్లు

రాయపేట హైరోడ్డులో 126 నంబరు ఇల్లు. బులుసు సాంబమూర్తి గారిది. ఈ ఇంట్లోనే పొట్టి శ్రీరాములు గారు ప్రత్యేకాంధ్ర రాష్ట్రం కోసం 1952 అక్టోబరు 19న నిరాహారదీక్ష మొదలుపెట్టారు. 58 రోజుల తర్వాత, డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ ఇంటి స్థలం ఇప్పుడు ఆయన స్మారక భవనం.

మద్రాసు నగరం కోసం రెండు భాషల వారు పోట్లాడుకున్న రోజులవి. శ్రీరాములు గారు పుట్టింది కూడా ఈ మద్రాసులోనే, 1901లో. నా తమిళ రూమ్మేటు ఒకసారి నాతో పాటు వచ్చాడు. బయటికి వచ్చాక, "మీకు రాష్ట్రం వచ్చింది, మాకు ఊరు మిగిలింది," అని నవ్వాడు. ఇద్దరం పక్క వీధిలో కాఫీ తాగాం. చరిత్రను ఇద్దరూ కలిసి చూస్తే పౌరుషం తగ్గి తెలివి పెరుగుతుంది. వెళ్ళేముందు తెరిచి ఉండే వేళలు కనుక్కోండి.

(ఇ) మహాబలిపురం: అసంపూర్తి పని నేర్పే పాఠం

చెన్నైకి దక్షిణాన సుమారు 55 కిలోమీటర్లు. పల్లవుల కాలంలో, ఏడు ఎనిమిది శతాబ్దాల్లో జరిగిన పని. 1984లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అందరూ సముద్రతీర ఆలయం ముందు ఫోటో దిగి వస్తారు. నేను కూడా మొదటిసారి అంతే చేశాను.

రెండోసారి అర పేజీ రాసుకుని వెళ్ళాను. పంచ రథాల దగ్గర ఒక గంట కూర్చున్నాను. ఇవి రాళ్ళు పేర్చి కట్టినవి కావు, ఉన్న బండను చెక్కినవి. ధర్మరాజ రథం పై అంతస్తుల్లో శిల్పాలు నగిషీతో సహా పూర్తయ్యాయి. కింది భాగం మాత్రం సగంలో ఆగిపోయింది. అంటే ఏమిటి? పని పైనుంచి కిందికి జరిగిందన్న మాట. కట్టడం అంటే పునాది నుంచి పైకి అని మనం చదువుకుంటాం. ఇక్కడ శిఖరం ముందు, పునాది చివర. పైన ఒక తప్పు దెబ్బ పడితే సరిచేయడానికి అతుకు పెట్టే వీలు లేదు. ఇదంతా నాకు పూర్తయిన గుడి చెప్పలేదు, ఆగిపోయిన పని చెప్పింది. మా ప్రొఫెసరు గారికి ఈ సంగతి చెబితే క్లాసులో పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఇంగ్లీషులో అంతసేపు నేను నోరు విప్పడం అదే మొదలు.

ఒక హెచ్చరిక. ఇక్కడా, మెరీనాలోనూ సముద్రంలోకి దిగవద్దు. లోపలికి లాగే ప్రవాహాలు బలంగా ఉంటాయి. ఈత వచ్చినవారు కూడా పోయారు. కాళ్ళు తడుపుకుని వెనక్కి రండి.

(ఈ) కాంచీపురం: మా నాన్న చదివిన అక్షరం

చెన్నై నుంచి సుమారు 75 కిలోమీటర్లు. చెంగల్పట్టు మీదుగా రైలు ఉంది, బస్సులూ ఉన్నాయి. ఎనిమిదో శతాబ్దం తొలినాటి కైలాసనాథ ఆలయంలో పీఠానికి గట్టి నల్లరాయి వాడి, పైన ఇసుకరాయి వాడారు. ఇసుకరాయి ఎక్కడెక్కడ అరిగిందో చూస్తే చాలు, ఒక ప్రాక్టికల్ క్లాసు అయినట్టే. ఏకాంబరేశ్వరాలయం పెద్ద గోపురం శ్రీకృష్ణదేవరాయలు కట్టించినది.

అయితే నాకు కంచి అంటే ఒక మగ్గం. ఒక వీధిలో నడుస్తుంటే పలక చప్పుడు వినిపించింది. పుట్టినప్పటి నుంచీ విన్న చప్పుడు. తలుపు దగ్గర ఆగాను. లోపలి పెద్దాయన తమిళంలో ఏదో అడిగాడు. నేను తడబడి తెలుగులో అనేశాను. ఆయన వెంటనే, "ఏ ఊరు మీది? మీ నాయన ఏం పని?" అన్నాడు. కంచి నేతగాళ్ళలో ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయని నాకు అప్పటిదాకా తెలియదు. ఎన్నో తరాల కింద వచ్చినవారు. యాస వేరు, మాట మనదే.

చీర ఒంటికి ఒక రంగు, అంచుకు ఇంకో రంగు వేసి, రెంటినీ నేతలోనే మెలివేసి కలపడాన్ని ఆయన 'కోర్వై' అన్నాడు. మూడు నాడెలు కావాలి, పక్కన ఒక మనిషి సాయం ఉండాలి. మా చీరాల వైపు ఇలాంటి కలనేతనే కుప్పడం అంటారని చెప్పాను. "అది తెలిసినవాడివి ఇంజినీరు చదువెందుకు?" అని ఆయన నవ్వాడు.

ఫైనలియర్‌లో నాన్న నన్ను చూడటానికి వచ్చారు. ఆయన నా చదువు కోసం ఎన్నోసార్లు మద్రాసుకు డబ్బు పంపారు కానీ, ఎప్పుడూ ఏదీ చూడలేదు. ఒక ఆదివారం ఆయనను కంచి తీసుకువెళ్ళాను. గుడులు చూసి దండం పెట్టుకున్నారు. తర్వాత ఆ మగ్గం ఇంటికి వెళ్ళాం. నాన్న చీర ముందు వైపు చూడలేదు. అంచు దగ్గర తిరగేసి, వెనక ముడులను వేలితో తడిమి చూశారు. పెద్దాయనా నాన్నా గంటసేపు మాట్లాడుకున్నారు: పట్టు ధర, జరీ, మోకాళ్ళ నొప్పులు, పిల్లలెవరూ మగ్గం ఎక్కకపోవడం. నేను పక్కన కూర్చుని విన్నాను. తిరుగు రైల్లో నాన్న, "నువ్వు తిరుగుతున్నావంటే డబ్బు తగలేస్తున్నావనుకున్నానురా," అన్నారు. ఆపై ఏమీ అనలేదు.

ఆ రోజు మా ఇద్దరి ఖర్చు, భోజనంతో కలిపి 300 రూపాయల లోపే అని నా పుస్తకంలో ఉంది.

4. పాటించవలసిన నియమాలు

మాస్టారి దగ్గర నేర్చుకున్నవీ, నా అనుభవంలో తెలిసినవీ కలిపి ఇక్కడ ఇస్తున్నాను.

1) సోమవారం పరీక్ష ఉంటే ఆదివారం ప్రయాణం లేదు. మామూలు వారాల్లో కూడా శనివారం ఉదయం చదువు, రికార్డు పని పూర్తి చేసుకునే బయలుదేరాలి.

2) నెలకు రెండు ప్రయాణాలు చాలు. ఒకటి నగరంలో సగం రోజు, ఒకటి బయట ఒక రోజు. అప్పు చేసి వెళ్ళకూడదు. నెల మొదట్లోనే కొంత సొమ్ము విడిగా పెట్టి, అది అయిపోతే ఆ నెలకు ఆపాలి.

3) వెళ్ళేముందు అర పేజీ: అక్కడ ఏముంది, ఎప్పటిది, నేను చూడవలసిన మూడు విషయాలేమిటి. తిరుగు బస్సు, రైలు వేళలు కూడా ఈ పేజీలోనే రాయాలి. చివరి బస్సును నమ్ముకోవద్దు, దాని ముందు బస్సుకే తిరిగి రావాలి.

4) వచ్చాక అర పేజీ: ఏం చూశాను, ఏది అర్థం కాలేదు, నా సబ్జెక్టుకు ఏం పనికివస్తుంది. ఆ రాత్రే రాయాలి. మరునాటికి సగం మరిచిపోతాం.

5) హాస్టల్ వార్డెనుకో, ఇంట్లోవారికో ఎక్కడికి వెళ్తున్నారో చెప్పి వెళ్ళండి. గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోండి. సెయింట్ జార్జి కోట లాంటి చోట్ల అడుగుతారు. ఆడపిల్లలు కనీసం ముగ్గురుగా వెళ్ళడం మంచిది. తమిళనాడు ప్రభుత్వం 2021 మేలో సాధారణ టౌను బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం ప్రవేశపెట్టింది, దాన్ని వాడుకోండి.

6) తమిళ అక్షరాలు నేర్చుకోండి. రెండు వారాల పని. బస్సు బోర్డు చదవగలిగితే సగం భయం పోతుంది. "ఎంగే" (ఎక్కడ), "ఎవ్వళవు" (ఎంత), "ఎప్పో" (ఎప్పుడు), "నన్రి" (కృతజ్ఞతలు): ఈ నాలుగు మాటలతో మొదలుపెట్టండి. మనం ఒక మాట వాళ్ళ భాషలో మాట్లాడితే వాళ్ళు పది మాటలు సాయం చేస్తారు.

7) దక్షిణ దిశకు వెళ్ళే దూరపు బస్సులు చాలావరకు 2023 డిసెంబరు చివర నుంచి కిలాంబాక్కం బస్‌స్టాండుకు మారాయి. పాత సీనియర్లు కోయంబేడు అని చెప్పినా ఒకసారి కనుక్కుని బయలుదేరండి.

5. మళ్ళీ పులికాట్

చదువు పూర్తయ్యేముందు, 2013లో, ఒక్కణ్ణే మళ్ళీ పళవేర్కాడు వెళ్ళాను. ఈసారి పడవ ఎక్కలేదు. డచ్చివారు 1613లో ఇక్కడ గెల్డ్రియా కోట కట్టుకుని, 1690 దాకా కోరమాండల్ తీరం వ్యాపారానికి దీన్నే ముఖ్యస్థానం చేసుకున్నారు. మన తీరం నేతగుడ్డలు ఇక్కడి నుంచే ఓడలెక్కేవి. కోట ఇప్పుడు దిబ్బ మాత్రమే. సమాధుల తోట మాత్రం పురావస్తు శాఖ రక్షణలో ఉంది. ద్వారానికి రెండు వైపులా రాతిలో చెక్కిన అస్థిపంజరాలు నిలబడి ఉంటాయి. వాటి ముందు నిలబడి అర పేజీ రాసి మాస్టారికి పోస్టు చేశాను. "ఇప్పుడు చూశావు" అని ఒక్క వాక్యంతో కార్డు వచ్చింది. అది ఇప్పటికీ నా సర్టిఫికెట్లతో పాటే ఉంది.

అభ్యాసం

కొత్త విద్యార్థులు ఈ సెమిస్టరులో కింది వాటిలో కనీసం రెండు చేసి చూడండి.

1) ఎగ్మూరు మ్యూజియంలో మీ జిల్లా నుంచి వచ్చిన వస్తువు ఒకటి వెతకండి. అది ఎప్పుడు, ఎలా వచ్చిందో రాయండి.

2) బకింగ్‌హాం కాలువను చెన్నైలో ఒకచోట, మీ ఊరు దారిలో ఉంటే అక్కడ ఒకచోట చూడండి. నీటి రంగు, వెడల్పు, ఒడ్డున ఉన్న జనం: ఈ మూడింటిలో తేడా రాయండి.

3) చెన్నైలో తెలుగు మాట్లాడే చేతివృత్తి కుటుంబం ఒకదాన్ని కలిసి, వారు వాడే పనిముట్ల పేర్లు పది సేకరించండి.

4) మీ అమ్మనో నాన్ననో ఒకసారి పిలిపించి, మీరు చూసిన చోటు వారికి చూపించండి. దీనికి మార్కులు లేవు. అయినా ముందు ఇది చేయండి.

రాసిన పేజీలను ట్రస్టు కార్యాలయానికి పంపితే చదివి తిరిగి పంపే బాధ్యత నాది.